నడుస్తున్న కోడ్‌ని ఆపి మరీ పాత ఫీచర్లు ఎందుకు తీసేస్తారు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్త వెర్షన్ వేయగానే మీ పాత ప్రోగ్రాం ఆగిపోయిందని, పాతదీ కొత్తదీ రెండూ ఉంచితే దాన్ని తయారుచేసేవాళ్ల సొమ్మేం పోయిందని అడిగారు. కొన్నిటి విషయంలో మీ కోపం న్యాయమే. కొన్ని మాత్రం ఉంచడానికి వీలయ్యేవి కావు.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం. ఇక్కడి ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టు ఖాతాల ప్రోగ్రాం నేనే చూస్తాను. ఖాతాదారుల పేర్లు సగం ఒడియాలో, సగం తెలుగులో ఉంటాయి. అది పైథాన్ 2లో రాసింది. పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ (ప్రోగ్రాంలో దాచుకునే రాత ముక్క) అంటే బైట్ల వరస, అంతే; బైటంటే 0 నుంచి 255 లోపు ఒక అంకె. "రావు" పొడవెంతని అడిగితే 12 అనేది. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ర, దీర్ఘం, వ, కొమ్ము ఒక్కోటీ 3 బైట్లు మరి. పైథాన్ 3 అయితే బైట్లని కాకుండా ఆ గుర్తుల్నే లెక్కపెట్టి 4 అంటుంది. (కంటికి కనిపించేవి రెండే, అది వేరే గొడవ.) బిల్లు మీద పేరుకి 20 బైట్లని కత్తిరిస్తే, 20 మూడుతో తెగదు కాబట్టి చివరి అక్షరం మధ్యలో విరిగి చెత్త గుర్తులు పడేవి. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. బైట్లనీ యూనికోడ్‌నీ (అన్ని భాషల అక్షరాలూ ఉండే స్ట్రింగులనీ) కలిపితే పైథాన్ 2 మనల్ని అడక్కుండానే ఆ బైట్లు ఆస్కీ, అంటే ఇంగ్లిషు అక్షరాల పాత పట్టీ, అనుకుని మార్చబోతుంది. ఒడియా అక్షరమైనా తెలుగు అక్షరమైనా మొదటి బైటు 224. ఆస్కీ 127 దగ్గరే ఆగిపోతుంది. ఇంగ్లిషు పేర్లతో ఎన్నిసార్లు పరీక్షించినా బాగానే నడిచి, కొట్లో అసలు పేరు కొట్టగానే పడిపోయేది.

ఈ తీరుని కొత్తదాని పక్కన ఎలా ఉంచుతారు? ఒకే స్ట్రింగ్ ఒకచోట బైట్లుగా, ఒకచోట అక్షరాలుగా ఉంటే మళ్లీ అదే రోగం. అందుకే 2008 డిసెంబరులో వచ్చిన పైథాన్ 3 దాన్ని తెగ్గొట్టేసింది. పైథాన్ 2కి మద్దతు ఆపడానికి మొదట 2015 గడువు పెట్టి, తర్వాత 2020 జనవరి 1 దాకా పొడిగించారు. మా షావుకారు గారు మాత్రం "నడిచినన్నాళ్లు నడవనీ బాబూ, ఇప్పుడెందుకు కెలకడం" అనేవారు. అందరూ పైథాన్ 3లో ప్రింట్ ఆదేశానికి బ్రాకెట్లు పెట్టాల్సి వచ్చిందని గోల పెట్టారు గానీ, ఆ పని టూ-టు-త్రీ అనే కన్వర్టర్ క్షణంలో చేసిపెట్టేది. అసలు శ్రమంతా స్ట్రింగుల దగ్గరే. ఆ కన్వర్టర్ని కూడా పైథాన్ 3.13లో తీసేశారు లెండి.

ఇక మీ సంగతి. సీజీఐ (వెబ్ ఫారాల కోసం), టెల్నెట్‌లిబ్ (టెల్నెట్ కనెక్షన్ల కోసం) లాంటి 19 మాడ్యూళ్లు, అంటే పైథాన్‌తో పాటే వచ్చే రెడీమేడ్ కోడ్ ముక్కలు, 2024 అక్టోబరులో వచ్చిన 3.13లో పోయాయి. వీటిని ఉంచినా ఏదీ కూలిపోదు, కాకపోతే చూసుకునే నాథుడు లేడు. 3.11 నుంచే హెచ్చరిస్తున్నామంటారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆ డెప్రికేషన్ వార్నింగులు, అంటే ఇది త్వరలో పోతుందనే హెచ్చరికలు, మామూలుగా దాచి ఉంచుతారు. 3.7 నుంచి నేరుగా నడిపే ఫైల్లోవి కనిపిస్తాయి గానీ, అది ఇంపోర్ట్ చేసుకున్న (లోపలికి తెచ్చుకుని వాడే) ఫైళ్లలోవి కనిపించవు. పని చేసే కోడ్ ఉండేది ఎక్కువగా వాటిలోనేనాయె! వినపడకుండా గొణిగి, చెప్పాంగా అంటే ఎలా? జావా అనే ఇంకో భాష దీనికి రెండో కొస: థ్రెడ్‌ని (ప్రోగ్రాంలో పక్కన నడిచే పనిని) మధ్యలో చంపే స్టాప్ అనే ఆదేశం ప్రమాదమని 1998లోనే అన్నారు, అది నిజంగా పనిచేయడం మానేసింది 2023లో వచ్చిన జావా 20లో. అంత నాన్చితే హెచ్చరికని ఎవరూ పట్టించుకోరు.

నా మటుకు, వెర్షన్ మార్చేముందు పాతదాన్నే మైనస్ క్యాపిటల్ డబ్ల్యూ డిఫాల్ట్ (-W default) అనే ఆప్షన్ పెట్టి, అసలు ఖాతాల కాపీ మీద నడిపి చూస్తాను. దాచినవన్నీ అప్పుడు బయటపడతాయి.

మీది ఏ మాడ్యూల్ దగ్గర ఆగిందో రాయలేదు. సీజీఐ అయితే పిప్‌లో (పైథాన్ ప్యాకేజీలు వేసుకునే పనిముట్టులో) లెగసీ-సీజీఐ దొరుకుతుంది. ముందు అది వేసి పని నడిపించుకోండి, కోడ్ తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు. 3.12లో పోయిన డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు తయారుచేసే మాడ్యూల్) అయితే సెటప్‌టూల్స్ అనే ప్యాకేజీ వేస్తే చాలామటుకు సర్దుకుంటుంది.