పెద్ద గుర్రాల పగ్గాలు పట్టడం కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి తిరుపతిలో బీవీఎస్సీ చేసి, అమెరికాలోని మోంటానాలో యానిమల్ సైన్స్ ఎంఎస్ చదువుతున్నాడు. మొదటి ఏడాది అయిపోవచ్చింది. ఈ వేసవిలో ఓ రాంచ్‌లో (పశువులను పెంచే పెద్ద క్షేత్రం) ఉండి, బరువులు లాగే పెద్ద గుర్రాలను బండికి కట్టడం, తోలడం నేర్చుకుంటాడట. జీతం ఇవ్వరు, గది, భోజనం ఇస్తారట. అప్పు చేసి పంపించాం, చాలా టెన్షన్‌గా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా? – ఓ తండ్రి, తణుకు

జవాబు: గుర్రాల సంగతి తర్వాత, ముందు వీసా చూద్దాం. జీతం లేదు కదా అని ధీమాగా ఉండొద్దండి. చేసిన పనికి గది, భోజనం ఇచ్చినా అది ఉద్యోగం కిందకు రావచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాడు అనుమతి లేకుండా అలా చేస్తే స్టేటస్‌కే ఎసరు. ఏడాది చదువు పూర్తవుతోంది కాబట్టి, ఈ శిక్షణ కోర్సులో భాగమని డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటే సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి, అడగవచ్చు. అది యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో నమోదయ్యాకే రాంచ్‌లో పని మొదలుపెట్టాలి. యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు ఈ వారమే వెళ్లమనండి.

బండి తోలడమే బతుకుతెరువు చేసుకుంటానంటే మాత్రం నేను వద్దనే అంటాను. పని లేదని కాదు. మోంటానా, వయోమింగ్‌లలో కొన్ని రాంచ్‌లు ఇప్పటికీ చలికాలంలో స్లెడ్జికి (మంచు మీద జారే చక్రాల్లేని బండి) గుర్రాలు కట్టి, మంచులో పశువులకు ఎండుగడ్డి వేస్తాయి. డీజిల్ ఇంజిన్ మొరాయించే చలిలో కూడా గుర్రాలు కదులుతాయి మరి. మిషిగన్‌లోని మాకినా ద్వీపంలో 1898 నుంచి మోటారు వాహనాలపై నిషేధం ఉంది, అక్కడ టాక్సీలు కూడా గుర్రపు బండ్లే. కానీ ఇవి ఎక్కువగా సీజన్ ఉద్యోగాలు. మోంటానాలోనే ఉన్న గ్రాంట్-కోర్స్ రాంచ్ అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీస్‌ది. అలాంటి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కొలువులు మామూలుగా ఆ దేశ పౌరులకే. ఆధునిక యంత్రాలకు దూరంగా ఉండే ఆమిష్ అనే క్రైస్తవ వర్గం రైతులు గుర్రాలతోనే సేద్యం చేస్తారు గానీ, అక్కడ పనికి ఇంట్లోవాళ్లే ఉంటారు.

అయితే మీవాడు పశువైద్యుడు. అందుకే నేర్చుకోమంటున్నాను.

మన ఒంగోలు ఎద్దు మూపురం ముందు కాడి మోస్తుంది. ఈ గుర్రం మెడ చుట్టూ కాలర్ వేసుకుని భుజాలతో నెడుతుంది. బరువంతా అక్కడే. కాలర్ తొడిగాక, గొంతు కింద అరచెయ్యి బల్లపరుపుగా దూరేంత సందు ఉండాలి. అది తగ్గితే గుర్రానికి ఊపిరి ఆడదు, పెరిగితే కాలర్ ఊగి భుజం ఒరుసుకుపోతుంది. పనిలో పడి గుర్రం కాస్త చిక్కిందంటే, నెల కిందట సరిపోయిన కాలరే వదులవుతుంది. పుండుకు మందు రాయడం మీవాడికి వచ్చు. అది ఏ పట్టీ దగ్గర మొదలైందో చెప్పడం కాలేజీలో అంతగా రాదు. గుర్రాల వైద్యం వైపు వెళ్లేవాడికి ఇది బాగా అక్కరకొస్తుంది.

భయం గురించి కూడా దాచను. బరువులు లాగే పెర్షెరాన్ జాతి గుర్రం ఒక్కోటి 800, 900 కిలోలు తూగుతుంది. జతను కట్టేటప్పుడు ముందు పగ్గాలు, తర్వాత బండి నొగ ముందుండే అడ్డకర్ర, ఆఖరున లాగుడు పట్టీలు. విప్పేటప్పుడు సరిగ్గా తిరగేసి. బండికి కట్టి ఉండగా కళ్లెం తియ్యనే తియ్యకూడదు. కళ్లేనికే ఉండే కళ్ల పక్క గంతలు పోయి, వెనకాల బండి కనబడితే బెదిరిపోతాయి. పగ్గాలు చేతికి చుట్టుకోకూడదు. కుడికి 'జీ', ఎడమకు 'హా', ఆగమంటే 'వో'. ఈ మాటలు ఒక్క పూటలో వచ్చేస్తాయి, తోలు పట్టీల వరస చేతికి అలవాటవడానికే వారాలు పడుతుంది. మొదటి రోజే పగ్గాలు చేతికిస్తామనే రాంచ్‌ను నేనైతే నమ్మను. పేడ ఎత్తించి, మాలిష్ చేయించి, తోలుకు నూనె పట్టించేవాళ్లే నయం.

అక్కడే పశువైద్యుడిగా స్థిరపడాలంటే విదేశీ పట్టాను అక్కడ గుర్తించేందుకు ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్, ఆపై లైసెన్సు కోసం నావ్లే పరీక్ష ఎటూ తప్పవు. రాంచ్ మోజులో ఆ చదువు వెనకబడకుండా చూసుకోమనండి. ఇండియాకు వస్తే సైన్యంలోని రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్, హిసార్‌లోని గుర్రాల పరిశోధన కేంద్రం లాంటివి ఉన్నాయి. ఈ అనుభవానికి అక్కడ విడిగా మార్కులు వేస్తారనుకోవద్దు, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మాత్రం పనికొస్తుంది.

ఒప్పుకునే ముందు రాంచ్ వాళ్లను రెండు విషయాలు అడిగి, రాతపూర్వకంగా తీసుకోమనండి. నేర్చుకునేవాళ్లకు ఇచ్చేది బాగా అలవాటుపడిన పాత జతేనా? పనిలో దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో రాంచ్ వెతుక్కోవాలి.