ఏఎన్‌బీ 6 వస్తే దవడ ఆపరేషన్ తప్పదా?

మీ పాపకు 12 ఏళ్లని, ఎత్తుపళ్లని, పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రేలో ఏఎన్‌బీ (పై, కింది దవడల ముందువెనకల తేడా చూపే కోణం) 6 డిగ్రీలు వచ్చిందని రాశారు. ఆ ఒక్క అంకె చూసి ఆపరేషన్ దాకా వెళ్లిపోకండి. మా వాడికి 6.5 వచ్చినప్పుడు మేమూ అలాగే హడలిపోయాం.

మాది ఆదోని. మొదట చూపించిన చోట, "మామూలుగా 2 ఉండాలి, కింది దవడ బాగా వెనక్కుంది, ఎదుగుదల ఆగాక ఆపరేషనే" అన్నారు. రెండు నెలలు ఇంట్లో ఒకటే టెన్షన్. తర్వాత కర్నూలులో ఇంకో ఆర్థోడాంటిస్టుకు (పళ్ల వరుస సరిచేసే డాక్టర్) అదే ఫిల్మ్ ఇచ్చాం. ఆయన దాని మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, మా ముందే గీతలు గీసి చూపించారు.

ముక్కు ఎముక నుదుటి ఎముకతో కలిసే చోటు ఎన్. పై దవడ ముందు ఎముక లోపలికి వంగిన చోటు ఏ, కింది దవడలో అలాంటిదే బీ. ఎన్ నుంచి ఏకి, బీకి గీసిన గీతల మధ్య కోణమే ఏఎన్‌బీ. నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను కాబట్టి చప్పున అర్థమైంది: ఏ, బీ కదలకపోయినా ఎన్ కాస్త వెనక్కుంటే కోణం పెరుగుతుంది. ఎన్‌కు ఏ దగ్గర, బీ దూరం కదా, అందుకని ఎన్-ఏ గీత ఎక్కువ తిరుగుతుంది. మా వాడికి జరిగింది అదే.

అందుకే ఆయన విట్స్ కూడా కొలిచారు. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ యూనివర్సిటీ పేరు మీద వచ్చిన పద్ధతి, 1975లో జాకబ్‌సన్ ప్రచురించారు. పై పళ్లు, కింది పళ్లు కలిసే గీత మీదికి ఏ నుంచి, బీ నుంచి లంబాలు దించి, ఆ రెంటి మధ్య దూరం చూస్తారు. ఆడవాళ్లకు సుమారు 0, మగవాళ్లకు మైనస్ 1 మిల్లీమీటరు మామూలు. మా వాడికి ప్లస్ 1 వచ్చింది. దవడలు దాదాపు సరిగ్గానే ఉన్నాయి, పళ్లే ముందుకు వాలాయి. క్లిప్పులతోనే సరిపోయింది.

అలాగని విట్స్ మాటే వేదం కాదు. పళ్ల గీత వంకరగా గీస్తే అదీ మారిపోతుంది. రెండూ కలిపి, పాప ముఖం పక్కనుంచి చూసి చెప్పే డాక్టర్ కావాలి. ఒకవేళ కింది దవడ నిజంగానే వెనక్కుంటే, ఎదిగే వయసులోనే దాన్ని ముందుకు తెచ్చే ట్విన్ బ్లాక్ లాంటి నోటి పరికరాలు పనిచేస్తాయి. కాబట్టి ఆలస్యం చేయకండి. మళ్లీ ఎక్స్‌రే తీయించాల్సిన పని లేదు, ఉన్న ఫిల్మ్ తీసుకెళ్లి "విట్స్ ఎంత?" అని అడగండి.