ఇంటి గోడ మీద నీలి ఫలకం

ప్రశ్న: లండన్‌లో మా అబ్బాయి ఉంటున్న వీధికి దగ్గరలో ఒక ఇంటి గోడకు గుండ్రని నీలి ఫలకం ఉందనీ, దాని మీద జవహర్‌లాల్ నెహ్రూ పేరు ఉందనీ చెప్పాడు. ఇటువంటి ఫలకాలను ఎవరు పెడతారు? మా వీధిలో ఒక స్వాతంత్ర్య సమరయోధుడు నివసించిన పాత ఇంటికి మేమూ ఇలాంటిది పెట్టాలనుకుంటున్నాము. ఏయే జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చూసినది నాటింగ్‌హిల్ ప్రాంతంలోని 60, ఎల్గిన్ క్రెసెంట్ అనే ఇల్లు. నెహ్రూ 1910లోనూ, 1912లోనూ అక్కడ ఉన్నారని ఆ ఫలకం చెబుతుంది. లండన్‌లో ఈ పద్ధతిని 1866లో సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ మొదలుపెట్టింది. మరుసటి సంవత్సరం బైరన్ కవి పుట్టిన ఇంటికి మొదటి ఫలకం పెట్టారు. తర్వాత బాధ్యత చేతులు మారుతూ వచ్చి, 1986 నుంచి ఇంగ్లిష్ హెరిటేజ్ అనే సంస్థ దీనిని చూస్తున్నది.

ఫలకం కోసం ఎవరైనా ప్రతిపాదన పంపవచ్చు గాని, నియమాలు గట్టివి. ఆ వ్యక్తి మరణించి కనీసం 20 ఏళ్లు గడచి ఉండాలి, ఆయన లేదా ఆమె నిజంగా నివసించిన లేదా పనిచేసిన కట్టడం ఇంకా నిలిచి ఉండాలి, ఫలకం దారిన పోయేవారికి కనబడాలి, యజమాని ఒప్పుకోవాలి. ఒకరికి ఒకే ఫలకం అన్నది నేటి నియమమైనా, గాంధీజీకి మాత్రం రెండున్నాయి: న్యాయవిద్యార్థిగా ఉన్న బారన్స్ కోర్ట్ రోడ్డు ఇంటికి ఒకటి, 1931లో బస చేసిన కింగ్‌స్లీ హాలుకు మరొకటి. దాదాభాయి నౌరోజీ నివసించిన ఇంటికి 2022లో ఫలకం వచ్చింది.

ఆ ఫలకం పింగాణీ పనితనంతో చేసినది. అడ్డుకొలత సుమారు 19 అంగుళాలు, మందం రెండు అంగుళాలు. గోడను ఆ మేరకు తొలిచి అందులో కూర్చుతారు. అక్షరాల అంచులను పల్చటి మట్టితో చేత్తోనే గీసి, మధ్యలో తెల్లని మెరుగు నింపి, బట్టీలో కాలుస్తారు. పడిన వాన దుమ్మును కడిగివేసేలా ముఖం కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. పేరు, జనన మరణ సంవత్సరాలు, చేసిన పని, ఇంటితో సంబంధం, పెట్టిన సంస్థ పేరు: అంతే. ఆవిష్కరించినవారి పేరు ఉండదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ చివరి సంగతే. మన ఊళ్లలో శిలాఫలకం అనగానే మంత్రిగారి పేరు, శాసనసభ్యుల పేరు, అధ్యక్షత వహించినవారి పేరు వరుసగా కనబడతాయి; ఎవరిని స్మరించుకోవాలో వారి పేరు వెతుక్కోవలసి వస్తుంది. మీరు ఆ దారిన వెళ్లవద్దని గట్టిగా కోరుతున్నాను. సంఘటనను గుర్తుచేసే ఫలకానికైనా ఇదే వర్తిస్తుంది. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ పరిశోధనకు గుర్తుగా బేగంపేటలో ఒక కట్టడం నిలిచి ఉంది. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకుని తన రక్తాన్ని ఇచ్చిన రోగి హుసేన్ ఖాన్. అటువంటి చోట రాసే నాలుగు మాటల్లో ఆయన పేరు తప్పక ఉండాలని నా అభిప్రాయం.

ఇక మీ పని విషయానికి వస్తే, మొదట ఆ ఇల్లు అదేనా అని తేల్చుకోండి. పురపాలక సంఘాలు ఇంటి నంబర్లను మారుస్తూ వస్తాయి కనుక పాత నంబరును నమ్ముకుంటే పక్కింటికి ఫలకం పెట్టే ప్రమాదం ఉంది. పాత ఇంటిపన్ను రశీదులు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, ఆయనకు వచ్చిన ఉత్తరాల మీది చిరునామాలు, వీటిలో కనీసం రెండు ఒకదానితో ఒకటి సరిపోలాలి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు ఉన్నారో తెలియకపోతే "ఇక్కడ నివసించారు" అని మాత్రమే రాయండి. యజమాని అంగీకారం కాగితం మీద తీసుకోండి. రేపు ఇల్లు చేతులు మారినా అది అక్కరకు వస్తుంది.

గోడ సున్నంతో కట్టినదైతే సిమెంటు పూయవద్దు. అది తేమను లోపలే బంధించి గోడను పెళుసు చేస్తుంది. ఇనుప మేకులు తుప్పు పట్టి ఉబ్బి రాతిని చీల్చుతాయి కనుక ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు మరలు వాడించండి.

ఫలకం ఉంటే ఇంటిని ఎవరూ కూల్చరని మాత్రం అనుకోవద్దు. దానికి చట్టబద్ధమైన రక్షణ ఏదీ రాదు. మొదటి ఫలకం పొందిన బైరన్ ఇంటినే 1889లో పడగొట్టారు. ఇల్లు నిలవాలంటే, దానిని రక్షిత కట్టడంగా గుర్తించాలని రాష్ట్ర పురావస్తు శాఖకు మీరు సేకరించిన ఆధారాలన్నీ జతచేసి విడిగా వినతిపత్రం ఇవ్వండి. ఫలకం పని పూర్తయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే ఇవ్వండి.