కొత్త లైట్లు వేసినా చీకటి పడితే పార్కులోకి ఎవరూ రావట్లేదా?

తప్పు లైట్లది కాకపోవచ్చు, దారిది. పార్కు లోపల వెలుగు, గేటు దాకా వచ్చే సందులో చీకటి. పైగా కళ్లు చెదిరే లైటు కింద నిలబడితే దాని అవతల అంతా ఇంకా నల్లగా కనిపిస్తుంది.

1. అందరూ వదిలేసేది ఇదే: రాత్రిపూట నడిచి చూడటం. ప్లాన్ మాత్రం పట్టపగలు గీస్తాం! ఆరేడుగురు వెళ్లండి, సగానికి పైగా ఆడవాళ్లుండాలి, ఒక పెద్దావిడ కూడా. బస్‌స్టాప్ నుంచి బెంచీ దాకా నడుస్తూ అక్కడక్కడా ఆగి రాసుకోండి: ఎదురొచ్చే మనిషి ముఖం కనిపిస్తోందా? అరిస్తే వినేవాళ్లున్నారా? బయటపడే దారేది? 1989లో కెనడాలోని టొరంటోలో, మహిళలపై హింసను అరికట్టడానికి పనిచేసే మెట్రాక్ సంస్థ తయారుచేసిన మహిళల సేఫ్టీ ఆడిట్ (భద్రత తనిఖీ) ఈ పద్ధతే.

2. పొదలు 2-3 అడుగులు దాటనివ్వకండి. చెట్ల కింది కొమ్మలు 6-7 అడుగుల ఎత్తు వరకు కొట్టేయండి.

3. ఆ తర్వాతే లైట్లు జరపండి. కొమ్మల్లో ఇరుక్కున్న లైటు ఉన్నా లేనట్టే.

4. సీసీ కెమెరాల సంగతి చివర్లో. ముందు గేటు పక్కనే నలుగురు కూర్చునేలా ఒక చదరంగం బల్ల వేయండి, అరిస్తే వినే మనుషులు అక్కడే ఉంటారు.