డిగ్రీ మానేయాలా? రెండున్నర లక్షల కెమెరా కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో ఏడాది చదువుతున్నాడు. ధ్యాసంతా ఫోటోల మీదే. ఫోన్‌తో తీసినవి చూసి అందరూ మెచ్చుకుంటారు. డిగ్రీ మానేస్తానని, రెండున్నర లక్షల కెమెరా కొనిస్తే పెళ్లిళ్లకు వెళ్లి సంపాదిస్తానని అంటున్నాడు. మాది చిన్న కిరాణా కొట్టు, కెమెరా కొనాలంటే అప్పు చేయాలి. అసలు ఈ పనిలో బతుకు ఉందా?
– ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: బతుకు ఉందండీ. కానీ డిగ్రీ మానొద్దు, ఆ కెమెరా ఇప్పుడే కొనొద్దు. ఈ రెండూ అబ్బాయిని ఆపడానికి చెప్తున్న మాటలు కావు.

ముందు చదువు సంగతి. ఇంటర్ అయిన వెంటనే అడిగి ఉంటే హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాలుగేళ్ల బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఫోటోగ్రఫీలో చేయమని చెప్పేవాళ్లం. దానికి ఎంట్రన్స్ పరీక్ష ఉంటుంది. ఇప్పుడు బీకాం సగం దాటింది కాబట్టి పూర్తి చేయడమే మేలు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ చదవాలంటే ఏదో ఒక డిగ్రీ ఉండాలి. రేపు మనసు సినిమా వైపు మళ్లితే ఆ తలుపు తెరిచి ఉంటుంది. పైగా కొటేషన్ వేయడం, అడ్వాన్సులు రాసుకోవడం, పన్ను లెక్కలు చూసుకోవడం ఈ వృత్తిలో సగం పని. దానికి బీకాం చదువు నేరుగా పనికొస్తుంది.

ఇక కెమెరా. ఫోటో బాగా రాకపోవడానికి చాలాసార్లు కారణం వెలుతురు, కెమెరా కాదు. ఒక చిన్న పరీక్ష పెట్టండి. కిటికీ పక్కన బల్ల మీద తెల్ల కాగితం వేసి కోడిగుడ్డు పెట్టమనండి. పక్కన నల్ల గుడ్డ మీద నిగనిగలాడే వంకాయ. రెంటినీ విడివిడిగా, ఫ్రేమ్ నిండా, వెలుతురు లెక్కను కెమెరాకే వదిలేసి (ఆటో ఎక్స్‌పోజర్‌లో) తీయాలి. గుడ్డు బూడిదరంగులో మాసిపోయినట్టు వస్తుంది, వంకాయేమో వెలిసినట్టు వస్తుంది. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిదరంగుగా లెక్కేసుకోవడమే దీనికి కారణం. గుడ్డుకు ఒక స్టాప్ పెంచాలి, అంటే వెలుతురు రెట్టింపు చేయాలి; వంకాయకు ఒక స్టాప్ తగ్గించాలి, అంటే సగం చేయాలి. ఇది వంటబట్టనివాళ్లు ముహూర్తం వేళ దొరికిపోతారు. వధూవరులిద్దరూ తెల్లటి మధుపర్కాల్లో ఉంటారు, వెనక ఎల్ఈడీ వెలుగుతూ ఉంటుంది. మీటర్ మోసపోతుంది, ముఖాలు నల్లబడతాయి. రెండున్నర లక్షల కెమెరాలోనూ ఇదే జరుగుతుంది. వంకాయ మీద మెరిసే చుక్క ఆకారం కూడా చూడమనండి. కిటికీ ఎంత పెద్దదైతే ఆ మెరుపు అంత పరుచుకుంటుంది. కిటికీకి పల్చటి తెల్ల పంచె అడ్డం కడితే అంచులు మెత్తబడతాయి. లైటింగ్ పాఠం మొదలయ్యేది ఇక్కడే.

ఖర్చు పెట్టాల్సింది ఇలా. సెకండ్ హ్యాండ్‌లో క్రాప్ సెన్సర్ బాడీ (బొమ్మను పట్టే సెన్సర్ కాస్త చిన్నగా ఉండే, లెన్స్ లేని కెమెరా) ఒకటి, సుమారు 25 నుంచి 30 వేలు. 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొత్తది పది వేల చుట్టుపక్కల. మాన్యువల్ ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్ కలిపి మరో పది వేలు. స్టాండు, తెల్ల గొడుగు రెండు మూడు వేలు. మొత్తం 50 వేలు, కాస్త అటూ ఇటూ. అప్పు తప్పదనుకుంటే ముద్ర పథకంలో శిశు విభాగం కింద 50 వేల వరకూ ఇస్తారు. పాత బాడీ కొనేటప్పుడు షటర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు తీశారో, అడగాలి. లక్ష, లక్షన్నర క్లిక్కులకు రేటింగ్ ఉన్న బాడీ ఇప్పటికే 90 వేలు దాటి ఉంటే వదిలేయడమే. లెన్స్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి (ఎఫ్ 16) తెల్ల గోడను తీస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల చుక్కలుగా బయటపడుతుంది. లెన్స్ వెనక నుంచి టార్చ్ వేసి చూస్తే సాలెగూడు లాంటి ఫంగస్ కనబడుతుంది. అది ఉంటే ఎంత చవకైనా వద్దు. ఫ్లాష్ బిగించి వెలుగుతుందో లేదో కూడా అక్కడే చూసుకోవాలి.

ఆ ఒక్క ఫ్లాష్‌ను కెమెరా మీద నుంచి తీసి పక్కకు పెట్టి వాడడం రావాలి. ఫ్లాష్ వెలుతురును అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ సంఖ్య పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) నియంత్రిస్తుంది, చుట్టూ ఉన్న వెలుతురును షటర్ తెరిచి ఉండే సమయం నియంత్రిస్తుంది. మొదటి ఆరు నెలల్లో ఈ ఒక్క విషయం చేతికొస్తే చాలు. లైటును రెట్టింపు దూరం జరిపితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంట్లో ఫ్లాష్‌ను సీలింగ్‌కు కొట్టి మెత్తటి వెలుతురు తెచ్చుకున్న కుర్రాడు ఫంక్షన్ హాల్లో తడబడేది అందుకే. అక్కడ కప్పు ఎంతో ఎత్తున ఉంటుంది, నల్ల రంగు వేసి ఉంటే తిరిగొచ్చే వెలుతురు శూన్యం. ఫ్లాష్‌తో తీసేటప్పుడు షటర్ 1/200 సెకను, కొన్ని బాడీల్లో 1/250 దాటితే ఫోటోలో ఒక పక్క నల్ల పట్టీ పడుతుంది. ఎల్ఈడీ లైట్ల కింద ఎలక్ట్రానిక్ షటర్ (తెర కదలకుండా సెన్సరే బొమ్మను చదివే పద్ధతి) వాడితే చారలు వస్తాయి. మెకానికల్ షటర్‌కు మారి, ఫ్లాష్ లేకుండా తీసేటప్పుడు 1/100 దగ్గర ఉంటే ఆ గొడవ చాలావరకు పోతుంది. జీలకర్ర బెల్లానికి ఎఫ్ 2.8 నుంచి 4, షటర్ 1/200, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును ఎంత పెంచి చూపించాలో చెప్పే సంఖ్య) 1600 దగ్గర మొదలుపెట్టొచ్చు. ఆ లెన్స్‌లో ఇద్దరి ముఖాలూ ఫోకస్‌లో ఉండాలంటే ఎఫ్ 1.8 పనికిరాదు. తలంబ్రాల్లో బియ్యం గాల్లో ఆగినట్టు రావాలంటే చిన్న పవర్‌లో ఫ్లాష్ కొట్టాలి. పవర్ తగ్గేకొద్దీ మెరుపు నిడివి తగ్గుతుంది, గింజ అక్కడే నిలుస్తుంది. హోమం పొగలో ఎదురుగా ఫ్లాష్ కొడితే మంచు తెరలా కమ్మేస్తుంది, పక్క నుంచి కొట్టాలి.

పెళ్లి పనిలో ఫోటో తీయడం చిన్న భాగం. ఒక పెళ్లికి రెండు మూడు వేల క్లిక్కులు అవుతాయి. 24 మెగాపిక్సెల్ రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే పెద్ద ఫైల్) ఒక్కోటి 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది కనుక 50 నుంచి 90 జీబీ డేటా. ఆ రాత్రే రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, తెరిచి చూసుకున్నాకే మెమరీ కార్డు ఫార్మాట్ చేయాలి. తాళి కట్టే క్షణం మళ్లీ రాదు. సొంతంగా ఆర్డర్లు పట్టే రోజు వచ్చేసరికి రెండు కార్డు స్లాట్లున్న బాడీ ఉండాలి, ఖరీదైన కెమెరా కొనే సమయం అప్పుడు.

డబ్బు ఎక్కువగా ఇరుక్కునేది ఆల్బమ్ దగ్గర. వంద ఫోటోలు ఎంచి ఇవ్వండంటే పెళ్లివారు ఆరు నెలలు తీసుకుంటారు, బాకీ అక్కడే ఆగుతుంది. కాబట్టి బుకింగ్‌కు కొంత, పెళ్లి రోజుకు పెద్ద భాగం, ఫోటోల సాఫ్ట్ కాపీ ఇచ్చేటప్పుడు మిగతాదంతా అని కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితంలోనే మరో మాట కూడా చేరాలి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అబ్బాయి తన పని ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించుకోవాలంటే వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలి. జీఎస్టీ గురించి ఇప్పుడే కంగారు వద్దు, సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటాక అది తప్పనిసరి. డ్రోన్ జోలికి పోవద్దు, 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వ్యాపారానికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. అవసరమైతే ఆ సర్టిఫికెట్ ఉన్నవారినే పిలిపించుకోవచ్చు.

ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు. ఆ రోజుల్లో పెళ్లి ఆదాయం దాదాపు ఉండదు. పెళ్లిళ్లు ఒక్కటే నమ్ముకోవద్దని మేం గట్టిగా చెప్పేది ఇందుకే. ప్రోడక్ట్ ఫోటోగ్రఫీ నేర్చుకోమనండి. ఆన్‌లైన్‌లో చీరలు, పచ్చళ్లు అమ్మేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్లకు ఏడాదంతా ఫోటోలు కావాలి. అమెజాన్‌లో మొదటి ఫోటోకు వెనక పూర్తి తెలుపు ఉండాలి, వస్తువు ఫ్రేమ్‌లో 85 శాతం నిండాలి, జూమ్ పనిచేయాలంటే కనీసం 1000 పిక్సెళ్లు ఉండాలి. వస్తువును వెనక తెరకు మూడు నాలుగు అడుగుల ఎడంగా పెట్టి, తెరకు విడిగా లైటు వేయాలి. ఆ లైటు మరీ ఎక్కువైతే వస్తువు అంచులు కరిగిపోతాయి. పచ్చడి సీసాకు రెండు వైపులా నల్ల అట్టలు నిలబెడితే గాజు అంచు స్పష్టంగా తేలుతుంది. చీరకు పక్క నుంచి, తక్కువ ఎత్తులో లైటు వేస్తే నేత కనబడుతుంది, జరీకి మాత్రం పెద్ద తెల్ల గుడ్డ గుండా వడగట్టిన వెలుతురు కావాలి. మొదటి క్లిక్‌లో గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) పెట్టి వైట్ బ్యాలెన్స్, అంటే రంగులు అసలులా వచ్చే సర్దుబాటు, సరిచేసుకోకపోతే మెరూన్ కాస్తా ఎరుపవుతుంది. కొన్నవారు చీర తిప్పి పంపేస్తారు, అమ్మినవారు మళ్లీ పిలవరు.

ఈ సీజన్‌లో ఏదైనా స్టూడియో వారితో మాట్లాడి, డబ్బు గురించి పట్టుబట్టకుండా, నాలుగు పెళ్లిళ్లకు సహాయకుడిగా పంపండి. లైటు పట్టుకోవడం, బ్యాటరీలు మార్చడం, తెల్లవారుజామున మూడింటి ముహూర్తానికి నిలబడడం, పన్నెండు గంటలు బరువు మోయడం ఎలా ఉంటుందో అతనికే తెలుస్తుంది. నాలుగో పెళ్లి తర్వాత అతను సొంతంగా తీసినవాటిలోంచి ముప్పై ఫోటోలు ఎంచి, ఒక్కోటి ఎందుకు ఉంచాడో, మిగతావి ఎందుకు తీసేశాడో మీకు చెప్పమనండి. వెలుతురు ఏ వైపు నుంచి వచ్చిందో అతను తడుముకోకుండా చెప్పగలిగితే, పైన రాసిన 50 వేలు అప్పుడు పెట్టండి.