మందుల సంచి మొత్తం డాక్టరు టేబుల్ మీద పెట్టండి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. అమ్మకు 66 ఏళ్లు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు. ఒంగోల్లో ఇద్దరు డాక్టర్లు, ఊళ్లో ఆర్‌ఎంపీ కలిసి రాసినవి రోజుకు తొమ్మిది బిళ్లలు మింగుతుంది. ఏది దేనికో ఆమెకూ తెలీదు, నాకూ తెలీదు. అడిగితే డాక్టర్లు విసుక్కుంటారేమోనని భయం. కార్తీక సోమవారాల ఉపవాసం కూడా మానదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు:

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. కావలిలో చిన్న జిరాక్స్ షాపు నాది. రోజూ ఎవరివో ఒకరివి మందుల చీటీలు నా మిషన్ కిందకి వస్తూనే ఉంటాయి. ఊరందరి చీటీలు కాపీలు తీశాను గానీ, మా ఇంటి చీటీ మాత్రం ఏనాడూ సరిగ్గా చదివిన పాపాన పోలేదు. అది రెండేళ్ల కిందట రోహిణి కార్తెలో తెలిసొచ్చింది.

మా నాయనకు షుగరు చాలా ఏళ్ల నుంచీ ఉంది, తర్వాత బీపీ వచ్చింది. కావలి డాక్టరు రాసిందే వాడుతుండేవాడు. ఆ వేసవిలో పాదాలు వాచి చెప్పులు పట్టకుండా పోతే నెల్లూరు పొగతోటలో ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు పాత చీటీ చూసి, బీపీకి వాడే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి ఇలా కాళ్లు వాస్తాయని చెప్పి, దాని బదులు టెల్మిసార్టాన్ రాశారు. షుగర్ బిళ్లలు కూడా తన చీటీ మీద మళ్లీ రాశారు, వేరే కంపెనీ పేరుతో. కింద షాపులో అన్నీ కొనుక్కుని బస్సెక్కాం.

ఇంటికొచ్చాక మా నాయన పాతవీ వేసుకున్నాడు, కొత్తవీ వేసుకున్నాడు. కొత్తవన్నీ కాళ్ల వాపుకి ఇచ్చారనుకున్నాడు. పాతవి ఆపమని డాక్టరు చెప్పలేదా, చెప్పినా మేం వినిపించుకోలేదా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

మూడో రోజు పొద్దున పదకొండు దాటాక అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయనకి ఎండ తగిలిందిరా, ఏందేందో మాట్లాడతండాడు" అంది. నేను వెళ్లేసరికి వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. బనీను పిండితే నీళ్లు కారేటంత చెమట, చేతులు వణుకు. నన్ను చూసి మా పెదనాయన పేరుతో పిలిచాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. అమ్మ అప్పటికే వడదెబ్బ అనుకుని రెండు గ్లాసుల ఉప్పు మజ్జిగ తాగించింది. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లాలో ఎవరైనా అదే అనుకుంటారు. ఎదురింటి వాళ్ల దగ్గర షుగర్ చూసే మిషన్ ఉంటే తెచ్చి చూశాం. 48. డెబ్బై లోపు ఉంటేనే తక్కువ కింద లెక్క. మూడు స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి చూస్తే 80కి వచ్చింది, మనుషుల్ని గుర్తుపట్టాడు. ఇంక పర్లేదని ఇంట్లోనే కూర్చోబెట్టకుండా ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లడం మా అదృష్టం. ఈ రకం షుగర్ బిళ్లల పని గంటల తరబడి ఉంటుందట, షుగర్ మళ్లీ పడిపోవచ్చట. ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు. ఇంకో మాట, మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అసలు సంగతి పట్టుకుంది అక్కడి నర్సమ్మ. సంచిలో మందులన్నీ మంచం మీద పోసి, రెండు అట్టలు తీసి పక్కపక్కన పెట్టింది. ఒకటి వెండి రంగు, ఇంకోటి ఎరుపు. పైన పెద్ద అక్షరాల్లో వేర్వేరు పేర్లు. వేలితో కింది చిన్న అక్షరాలు చూపించింది. రెండింటి మీదా గ్లిమెపిరైడ్ 2 ఎంజీ, మెట్‌ఫార్మిన్ 500 ఎంజీ అనే ఉంది. "అన్నా, ఈ రెండూ ఒకటే గదా" అంది. మా నాయన మూడు రోజులు రెండింతలు మింగాడు.

మీరు కూడా అక్కడే మొదలుపెట్టండి. ఇవాళే అమ్మ బిళ్లల అట్టలన్నీ చాప మీద పరిచి, పెద్ద అక్షరాలు వదిలేసి కింది చిన్న అక్షరాలే చదవండి. ఒకే పేరు రెండు అట్టల మీద కనిపిస్తే గుర్తుపెట్టి డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరే ఏదీ ఆపొద్దు. షుగరు బీపీ బిళ్లలు ఉన్నట్టుండి మానేయడం ఇంకో రకం ప్రమాదం. అనుమానం గట్టిగా ఉంటే అదే రోజు ఫోన్ చేసి అడగండి, వచ్చే నెల చూపించుకునేదాకా ఆగొద్దు.

తర్వాత ఒక కాగితం మీద బిళ్ల అసలు పేరు, ఎంత పవరు, దేనికి, ఏ పూట, తిండికి ముందా తర్వాతా, ఎవరు రాశారు అన్నవి రాయండి. మా నాయన చదివింది ఐదో తరగతి, ఇంగ్లీషు అక్షరాలు రావు. అందుకని తెలుగులో పెద్ద అక్షరాలతో టైపు చేసి, షాపు నాదే కదా అని ఉత్సాహంగా లామినేషన్ కూడా చేశాను. రెండు నెలలు తిరక్కుండా రెండు బిళ్లలు మారాయి. లామినేషన్ చేయకండి! మామూలు కాగితం, పైన తేదీ, మారినప్పుడల్లా కొత్తది రాసి పాతది చించేయడం.

డాక్టర్లు విసుక్కుంటారా అంటే, కొందరు విసుక్కుంటారు. నన్ను ఒకాయన "నువ్వేమన్నా ఎంబీబీఎస్ చదివావా" అన్నాడు. చదవలేదు సార్, మింగేది మా నాయన, అందుకే అడుగుతున్నా అన్నాను. నవ్వి చెప్పాడు. ఓపీలో మనకు దొరికేది మూడు నాలుగు నిమిషాలు, లేచి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి అడిగితే ఎవరికైనా చిరాకే. కూర్చోగానే సంచి టేబుల్ మీద పెట్టి, కాగితం చేతికివ్వండి. నా లెక్కలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న "సార్, పాతవాటిలో ఏవి ఆపాలి?" ఆపాల్సిన వాటి మీద ఆయన చేతే గీత కొట్టించుకోండి. ఒక పూట మర్చిపోతే ఏం చేయాలో కూడా అడగండి. మర్చిపోయాం కదా అని తర్వాతి పూట రెండు కలిపి వేసుకునే అలవాటు చాలామందికి ఉంది, అది చేయకూడదు.

మోకాళ్ల నొప్పుల సంగతి. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది ఇదే. మా నాయనకూ ఉన్నాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే నొప్పి బిళ్ల వారానికి మూడు నాలుగు వేసుకునేవాడు. చీటీ లేదు, బిల్లు లేదు, కాగితంలో చుట్టి ఇస్తాడు. పొగతోట డాక్టరు రెండోసారి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే లెక్క) పెరిగిందని చూసి "ఇంకేమైనా వాడుతున్నావా పెద్దాయనా" అంటే లేదన్నాడు. అబద్ధం చెప్పాలని కాదు. ఆయన దృష్టిలో మందు అంటే చీటీ మీద ఉన్నదే. నేను పక్కనుంచి నొప్పి బిళ్ల అంటే డాక్టరు తలపట్టుకున్నారు. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ లాంటివి అసలే కిడ్నీలకు భారం. వాటికి టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్ల, దానిమీద నీరు పోయే బిళ్ల తోడైతే దెబ్బ ఇంకా ఎక్కువట. మీ కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లతో కీళ్లు పట్టేసిన వాళ్లు ఎంతమంది ఈ బిళ్లలు శనగల్లా మింగుతుంటారో మీకు తెలియంది కాదు. అమ్మ వాడే చూర్ణాలు, పసర్లు, టీవీలో చూసి తెప్పించిన నూనెలు అన్నీ ఆ కాగితంలో రాయండి, సిగ్గుపడకుండా.

మెడికల్ షాపులో "అది లేదు, ఇదీ అదే" అంటారు. చాలాసార్లు నిజమే. కానీ అసలు పేరు, పవరు, వెనకాల ఎస్ఆర్ లాంటి అక్షరాలు మూడూ కలిశాయో లేదో చూసుకోండి. ఎస్ఆర్ అంటే మెల్లగా కరిగే రకం, దాన్ని నలిపి, పొడి చేసి వేయకూడదు. జనౌషధి షాపుల్లో తెచ్చుకున్నా ఇదే పద్ధతి. చవకవి పనిచేస్తాయా అని మా నాయన మొదట గునిశాడు, ఇప్పుడు ఆ మాట లేదు. అట్ట కత్తిరించి నాలుగు బిళ్లలు ఇచ్చినప్పుడు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అందుకని బిల్లు అడగండి, దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. బిల్లడిగితే మొహం మాడ్చుకునే షాపు ఉంటే, దాని పక్కన ఇంకో షాపు ఉండనే ఉంటుంది.

మందు పడక దద్దుర్లో, వాపులో వస్తే డాక్టరుకు చెప్పడం ఎలాగూ ఉంది. దాన్ని మనం కూడా ప్రభుత్వానికి తెలియజేయొచ్చు, 1800-180-3024 టోల్‌ఫ్రీ. ఆ సంగతి నాకు ఒక ఆస్పత్రి గోడ మీద పోస్టరు చూస్తే తెలిసింది.

ఇక కార్తీక సోమవారాలు. పొద్దున షుగర్ బిళ్ల వేసుకుని, చుక్క పొడిచేదాకా ఏమీ తినకుండా ఉంటే మా నాయనకు జరిగిందే అమ్మకూ జరగొచ్చు. ముఖ్యంగా బిళ్లలో గ్లిమెపిరైడ్ ఉంటే. వద్దంటే మీ అమ్మ వినదు, మా అమ్మా వినదు. ఆ రోజు ఏ బిళ్ల ఎప్పుడు, ఎంత వేసుకోవాలో, అసలు ఉపవాసం ఉండొచ్చో లేదో కార్తీకం రాకముందే డాక్టరుతో చెప్పించండి. కొడుకు మాట వినకపోయినా డాక్టరు మాట కాస్త వింటారు. కాగితం మీద మొదటి ప్రశ్నగా అదే రాయండి.