షుగర్ ఉన్న గోల్‌కీపర్: సెలక్షన్లలో చెప్పాలా, దాచాలా?

ప్రశ్న: మా బాబుకి 16 ఏళ్లు, ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. జిల్లా ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్. ఏడాది కిందట టైప్ 1 షుగర్ అని తేలింది, ఇన్సులిన్ తీసుకుంటున్నాడు. సెలక్షన్లలో ఆ సంగతి చెప్పొద్దని కోచ్ అంటున్నారు. వాళ్ల నాన్నేమో ఆటే మానేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆట మాన్పించకండి. షుగర్ సంగతి మాత్రం ఎవరి దగ్గరా దాచనివ్వకండి. ఎందుకింత గట్టిగా అంటున్నానో తెలియాలంటే ఇంకో గోల్‌కీపర్ కథ వినాలి.

జిమ్మీ థోర్ప్ 1913లో ఇంగ్లండ్‌లోని జారోలో పుట్టాడు. 1930లో, పదిహేడేళ్ల వయసులో, సండర్‌ల్యాండ్ క్లబ్‌లో చేరాడు. జారో ఓడలు కట్టే ఊరు. థోర్ప్ ఆడుతున్న రోజుల్లోనే అక్కడి పామర్స్ షిప్‌యార్డు మూతపడింది, ఊళ్లో పని లేకుండా పోయింది. అలాంటి చోట ఫుట్‌బాల్ జీతం మాటలు కాదు.

థోర్ప్‌కు డయాబెటిస్ ఉండేది. ఇంగ్లండ్‌లో ఇన్సులిన్ వాడకం మొదలై అప్పటికి పన్నెండు, పదమూడేళ్లే. 1936 ఫిబ్రవరి 1న సండర్‌ల్యాండ్ సొంత మైదానం రోకర్ పార్క్‌లో చెల్సీ క్లబ్‌తో మ్యాచ్. బంతిని చేతుల్లో పట్టుకుని ఉన్న థోర్ప్‌ను అవతలివాళ్లు తల మీద, ఛాతీ మీద తన్నారు. సబ్‌స్టిట్యూట్లు లేని కాలం అది, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆ వెసులుబాటు 1965లో గానీ రాలేదు. కీపర్ బయటికొస్తే పదిమందే మిగులుతారు, వాళ్లలో ఒకరు గోల్‌లో నిలబడాలి. థోర్ప్ చివరిదాకా ఆడాడు. మ్యాచ్ 3-3తో ముగిసింది. ఇంటికెళ్లాక కుప్పకూలాడు, నాలుగు రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. 22 ఏళ్లు. మరణానికి కారణం డయాబెటిస్ అనీ, అవతలి జట్టు మొరటు ఆట దాన్ని త్వరపెట్టిందనీ విచారణ జ్యూరీ తేల్చింది. ఆ సీజన్‌లో సండర్‌ల్యాండ్ లీగ్ ఛాంపియన్ అయింది, అతని మెడల్ భార్య చేతికిచ్చారు. కీపర్ చేతుల్లో ఉన్న బంతిని తన్నడానికి కాలెత్తకూడదనే నియమం ఆ తర్వాతే వచ్చింది.

మిమ్మల్ని భయపెట్టాలని ఇదంతా చెప్పడం లేదు. ఇప్పుడు గ్లూకోమీటర్ ఉంది, సబ్‌స్టిట్యూట్ ఉన్నాడు, పెద్ద మ్యాచ్‌లకు మైదానం పక్కన డాక్టరు ఉంటాడు. అయితే ఒంట్లో బాగోలేనప్పుడు మీ బాబు ధైర్యంగా చేయెత్తి బయటికి రాగలిగితేనే ఇవి పనికొస్తాయి. జబ్బు దాచిన పిల్లవాడు చేయెత్తడు.

కోచ్ సలహాలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆటగాళ్లకు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధించిన మందుల జాబితాలో ఇన్సులిన్ ఉంది. వైద్య అవసరం ఉన్నవాళ్లు టీయూఈ అనే అనుమతి తీసుకుని నిశ్చింతగా వాడుకోవచ్చు. మన దేశంలో ఆ దరఖాస్తులు చూసేది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, నాడా. అనుమతి లేకుండా పై స్థాయికి వెళ్లి డోప్ పరీక్షలో దొరికితే నిషేధం పడేది కోచ్ మీద కాదు, మీ అబ్బాయి మీద.

వాళ్ల నాన్నగారికి కొన్ని పేర్లు చెప్పండి. ఇంగ్లండ్‌లోని టాటెన్‌హామ్ క్లబ్ కెప్టెన్‌గా గ్యారీ మాబట్ టైప్ 1తోనే ఆడి 1991లో ఎఫ్‌ఏ కప్ అందుకున్నాడు. 2024 దాకా స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్‌కు ఆడిన డిఫెండర్ నాచోకు 12 ఏళ్లప్పుడే ఈ జబ్బు బయటపడింది. ఇక ఫుట్‌బాల్ వద్దని ఒక డాక్టరు చెప్పినా, ఇంకో డాక్టరు ధైర్యమిచ్చి ఆడించాడు. వసీం అక్రమ్ సంగతి ఆయనకు తెలిసే ఉంటుంది, షుగర్ వచ్చాక కూడా ఏళ్ల తరబడి బౌలింగ్ చేశాడు.

చదువు ఆపొద్దు. షుగర్ లేనివాళ్లకైనా ఆట ముప్పై ఐదు దాటితే కష్టమే. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు కోసం రాత్రింబవళ్లు టెన్షన్ పెట్టే కాలేజీ కన్నా సాయంత్రం గ్రౌండ్‌కు వదిలే కాలేజీ చూడండి. యూనివర్సిటీ జట్టుకు ఆడితే రైల్వే లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాకు దారి ఉంటుంది. డిగ్రీ ఉంటే పీఈటీ ఉద్యోగాలకు పనికొచ్చే బీపీఈడీ కోర్సు చేయవచ్చు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) కోచింగ్ లైసెన్సులు కూడా ఉన్నాయి, డి లైసెన్సుతో మొదలుపెట్టవచ్చు.

ముందుగా మీరు, వాళ్ల నాన్న, బాబు కలిసి షుగర్, హార్మోన్ల డాక్టరు (ఎండోక్రినాలజిస్టు) దగ్గరికి వెళ్లండి. ప్రాక్టీసు వేళలు చెప్పి, ఇన్సులిన్ మోతాదు, తిండి ఎలా సర్దుకోవాలో రాయించుకోండి. ఆటాడిన రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు, దాని గురించి ప్రత్యేకంగా అడగండి. కిట్ బ్యాగులో గ్లూకోజ్ ఎప్పుడూ ఉండాలి, అది ఏ జేబులో ఉందో కనీసం ఇద్దరు తోటి ఆటగాళ్లకు తెలియాలి. ఆడవచ్చని డాక్టరు రాసిచ్చిన ఉత్తరం తీసుకుని కోచ్ దగ్గరికి వెళ్లండి. అప్పటికీ దాచమనే అంటే కోచ్‌నే మార్చండి.